ఒకదానికి ఒప్పుకుంటే అన్నిటికీ ఒప్పుకున్నట్లు కాదు

ఆపరేషన్‌కు ముందు మా సిస్టర్లు రోగి చేత ఒక కాగితం మీద సంతకం చేయించడం మీలో చాలామంది చూసే ఉంటారు. అది ఆసుపత్రిని కాపాడుకోవడానికి రాయించుకునే కాగితమని కొందరు అనుకుంటారు. నిజానికి అది రోగి హక్కు. ఏ ఆపరేషన్, ఎందుకు, దానివల్ల ఏమి జరగవచ్చు అని అర్థమయ్యేలా చెప్పిన తరువాతే ఆ సంతకానికి విలువ.

కడుపు లోపల పరీక్ష చేయడానికి మాత్రమే ఒప్పుకున్న ఒక స్త్రీకి, ఆమె మత్తులో ఉండగా తల్లిని అడిగి గర్భసంచి తీసివేసిన కేసులో 2008లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పరీక్షకు ఇచ్చిన అంగీకారం గర్భసంచి తీయడానికి చెల్లదు. ప్రాణాపాయం లేనప్పుడు ఆమెకు మెలకువ వచ్చేవరకు ఆగి ఆమెనే అడగాలి. తల్లి ఒప్పుకోలు చాలదు.

ఈ సూత్రం మన యువతీయువకుల చేతిలోని ఫోనుకు కూడా వర్తించాలని మా అభిప్రాయం.

"తనే పంపింది కదా సిస్టర్!" అనే మాట మేము తరచుగా వింటాము. ఒక అమ్మాయి నమ్మకంతో ఒకరికి ఫోటో పంపితే, అది ఆ ఒక్కరు చూడడానికి ఇచ్చిన అంగీకారం మాత్రమే. స్నేహితులకు చూపించడానికి కాదు, గ్రూపులో పెట్టడానికి కాదు. చట్టం కూడా ఇదే చెబుతుంది. ఏకాంతంలో ఉన్న స్త్రీ ఫోటో తీయడానికి ఒప్పుకున్నా, ఇతరులకు పంపడానికి ఒప్పుకోకపోతే, పంపడం నేరమని 2013లో శిక్షాస్మృతిలో చేర్చారు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్ అదే. మొదటిసారి నేరానికే ఒక సంవత్సరం నుండి మూడు సంవత్సరాల జైలు, జరిమానా.

మౌనం అర్ధాంగీకారం అంటారు పెద్దలు. సగం అంగీకారంతో మేము సూది కూడా వేయము. మెసేజ్ చూసి జవాబు ఇవ్వకపోతే ఇష్టమని కాదు. "ప్రేమ ఉంటే పాస్‌వర్డ్ చెప్పు" అని పట్టుబట్టి తీసుకున్నది అంగీకారం కాదు, ఒత్తిడి. సంతకం చేసిన రోగి మత్తు ఇచ్చే ముందు వద్దంటే మేము ఆపుతాము. అలాగే నిన్న సరే అన్నవారు ఈరోజు "ఆ ఫోటో తీసివేయి" అంటే తీసివేయవలసిందే.

అయితే పిల్లలను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. బాలింతను, పసిబిడ్డను అడగకుండా ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టేది పెద్దలే. ప్రార్థన చేయండని ఒకరి రోగం పేరు, రిపోర్టు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేవారూ ఉన్నారు. ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ ఆ రోగిని అడిగారా? క్షయ అనో, హెచ్‌ఐవి అనో నలుగురికీ తెలిస్తే ఆ కుటుంబం పడే బాధ మాకు తెలుసు. ఒకరి హెచ్‌ఐవి సంగతి వారి అంగీకారం లేకుండా బయటపెట్టకూడదని 2017లో ప్రత్యేక చట్టమే వచ్చింది. పేరు, రోగం చెప్పకుండా కూడా ప్రార్థన చేయవచ్చు. మనల్ని చూసే పిల్లలు నేర్చుకుంటారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డ ఫోటో ఎవరైనా బయటపెడితే ముందుగా "ఎందుకు పంపావు?" అని కొట్టకండి, ఫోను లాక్కోకండి. తప్పు నమ్మినవారిది కాదు, నమ్మకాన్ని పంచిపెట్టినవారిది. ఇంట్లో తిడతారనే భయంతోనే పిల్లలు బెదిరింపులను దాచుకుంటారు, కొందరు ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. బెదిరింపు మెసేజ్‌లను చెరపకుండా ఉంచండి. పోలీస్ స్టేషన్‌లోగాని, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోగాని ఫిర్యాదు చేయండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు 1098 ఉంది. మనసు కుంగిపోయి ఉంటే టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఏదైనా పంపే ముందు ఒక్కమాట అడగండి: "ఇది పంపనా?" వద్దంటే అక్కడితో ఆపండి.