హిట్ పాటకు సంకెళ్ళెందుకు?

"ఇంగ్లీషు పాటలా? ఉత్త గోల!" అంటారు మా హాస్టల్ మిత్రులు. ఒక చిన్న కంపెనీ సంగతి చెప్తాను, తర్వాత మీరే తేల్చండి.

1979లో ఇంగ్లండులోని కావెంట్రీలో జెర్రీ డామర్స్ 'టూ టోన్' రికార్డులు మొదలెట్టాడు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే బ్యాండులో వాయించారు. లేబుల్ మీద కూడా నలుపు తెలుపు గళ్ళే. వెనకున్నది క్రిసాలిస్ అనే పెద్ద కంపెనీ. అయినా ఒక్క రికార్డు చేసి వెళ్తామన్నవాళ్ళను టూ టోన్ కట్టేసుకోలేదు. మ్యాడ్‌నెస్ బృందం 'ది ప్రిన్స్' ఒక్కటే ఇచ్చి వేరే కంపెనీకి పోయింది. మాది వ్యవసాయ కుటుంబం. అప్పిచ్చి పాలేరును ఏళ్ళ తరబడి కట్టేసుకోవడం కళ్ళారా చూసినవాణ్ణి. అందుకే ఈ పద్ధతి నాకు గొప్పగా తోచింది.

1981 జూలైలో ది స్పెషల్స్ వారి 'ఘోస్ట్ టౌన్' మూడు వారాలు బ్రిటన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. పనుల్లేక పాడుబడుతున్న ఊళ్ళ పాట అది. అదే నెలలో అక్కడి పట్టణాలు అల్లర్లతో అట్టుడికాయి. ఆ ఏడాదే బ్యాండులో ముగ్గురు వేరుకుంపటి పెట్టుకున్నారు. పెట్టుకుంటే పెట్టుకున్నారు, పాట నిలిచింది గదా!

జనం మెచ్చాలంటే నిజం దాచాలన్న రూలేమీ లేదు. మన వార్షికోత్సవ వేదిక మీద పాడే మిత్రులకు ఇదే నా మనవి.