విమానం బొమ్మ చూసి ఫీజు కట్టకండి



దొనకొండలో బ్రిటిష్ కాలం నాటి రన్‌వే ఉన్న ప్రాంతం మనది. పిల్లలకు విమానాల మోజు సహజమే. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి నాకు బ్రోషర్ చూపించారు. "మేడం, ఇంటర్ అయ్యాక ఏఎంఈలో చేరిస్తే ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు." అందులో పేజీ నిండా విమానాలే, డీజీసీఏ అనుమతి మాట ఎక్కడా లేదు.

ఏరోనాటికల్ బీటెక్ వేరు, ఏఎంఈ వేరు. మరమ్మతు చేసిన విమానం ఎగరొచ్చని సంతకం పెట్టాలంటే బీటెక్ పట్టా ఒక్కటే చాలదు, డీజీసీఏ లైసెన్సు ఉండాలి. దానికి పరీక్షలు రాయాలి, విమానాల మీద పనిచేసిన అనుభవమూ చూపాలి. కోర్సు ముగిసిన రోజే లైసెన్సు చేతికి రాదు. ఇంటర్‌లో ఎంపీసీ తప్పనిసరి.

పలకను కూడా తట్టి చూసి కొనే మార్కాపురం వాళ్లం కదా! అడ్వాన్సు ఇచ్చే ముందు డీజీసీఏ వెబ్‌సైట్‌లోని జాబితాలో ఆ సంస్థ పేరు వెతకండి.

ఆ తండ్రి ఇంకా డబ్బు కట్టలేదు. వాళ్లబ్బాయికి ఫిజిక్స్ అంటే ప్రాణం.