వంటయింటి పొగయు కచ్చేరి లెక్కయు

వాతావరణ రక్షణకై ప్రభుత్వము చేయు నేర్పాటులలో ప్రజల యారోగ్యమునకు మిక్కిలి దగ్గరగా నుండునది వంటయింటి పొగను మాన్పు నేర్పాటు. దాని ఫలమును విచారింపబూనిన మనవారు వంటయింటిలోనికి తొంగిచూడక కచ్చేరి లెక్కలు విప్పుదురు. 2016 మే నెలలో ఉత్తరప్రదేశమందలి బలియాలో ఉజ్జ్వల పథక మారంభమయ్యెను. 2019 నాటికి 8 కోట్ల బీదయిండ్లకు గ్యాసు చేరినదని చాటిరి. మంచిపని, కాదనువాడు మూర్ఖుడు. కాని 2019-20లో ఆ యిండ్లవారు సగటున నింపించుకొన్నవి 3 సిలిండరులు! మూడింటితో ఏడాదియంతయు వండుకొను సంసార మెక్కడ గలదు? తక్కిన దినములలో మండినవి వంటచెరకును పిడకలునే గదా. పంపిణీ పుస్తకములో మాత్రము ఆ యిల్లు పొగలేని యిల్లే! ఆ పొగలోని మసి భూమిని వేడెక్కించుటకు ముందే, ఊదుగొట్టము పట్టిన యిల్లాలి యూపిరితిత్తులలోనికిని ఆమె చంకబిడ్డ రొమ్ములోనికిని దిగును. బిడ్డకు న్యుమోనియా, తల్లికి తీరని దగ్గును ఆయాసమును. ఇంటిపొగవలన 2020లో లోకమున 32 లక్షలమంది మృతినొందిరని ప్రపంచారోగ్యసంస్థ యంచనా.

కట్టెపొయ్యి కూటికే రుచి యనెడి పెద్దమనుష్యులు గలరు. అయ్యా, ఒక నెల తామే యూది వండి యా రుచి ననుభవింపుడు! మరికొందరు, సిలిండరును చుట్టములు వచ్చిన దినమునకు దాచు ఇల్లాలిని పొదుపరి యని మెచ్చుకొందురు. ఆ పొదుపు మగవాని చుట్టల ఖర్చులో నేల కనబడదు?

ఇచ్చిన పొయ్యిలను లెక్కించుట చాలింపుడు. ఏటేట నెన్ని సిలిండరులు నిండినవో, గ్రామ వైద్యశాలకు ఎందరు స్త్రీలు ఆయాసముతో వచ్చిరో పక్కపక్కన వ్రాసి ప్రకటింపుడు. సిలిండరు వెలను కూలిస్త్రీ దినవేతనముతో సరిచూచి నిర్ణయింపుడు.