రంగు కాదు, రేకు చూడండి

1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ మస్టాంగ్ జనం ముందుకొచ్చింది. ధర 2,368 డాలర్ల నుంచి మొదలు. అమెరికాలో తొలి పాతకాలపు కారు కొనాలనుకునేవారికి నా ఓటు ఇప్పటికీ ఆ తొలితరం మస్టాంగ్‌కే. దాని విడిభాగాలు నేటికీ కొత్తవి తయారవుతున్నాయి.

రంగు చూసి మాత్రం మురిసిపోకండి. ముందు అద్దం కింద, బయటి గాలిని లోపలికి పంపే తొట్టి ఉంటుంది. అది తుప్పుపడితే వాననీరు కాళ్ల దగ్గరికి కారి నేలరేకును తినేస్తుంది. ఈ కారుకు విడిగా చట్రం లేదు, ఒళ్లే చట్రం. రేకు పోయిందంటే బలం పోయినట్టే. బేరానికి ముందే ఆ తొట్టి మీది జాలీలో చెంబెడు నీళ్లు పోసి, లోపల చేత్తో తడిమి చూడండి.

1966 దాకా వచ్చినవాటిలో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకటే నూనె మార్గం. ఎక్కడ కారినా అన్నీ పోతాయి. కారు కొన్నాక మొదటి ఖర్చు బ్రేకుల మీదే పెట్టండి.