జవాబు రాని గుమ్మం

గుమ్మం ముందు నిలబడి పిలిచినా జవాబు రాకుంటే వెనుదిరగడం మర్యాద. ఈక్వెడార్ దేశపు యాసుని అడవిలో చమురు తోడేవారు ఈ మర్యాద పాటించలేదు. అక్కడి టగయెరి, టరొమెనానె ఆదివాసులు బయటి లోకంతో సంబంధమే వద్దనుకున్నవారు. వారి అంగీకారం తెచ్చామని ఎవరు చెప్పగలరు?

2023 ఆగస్టు 20న దేశప్రజలు దాదాపు 59 శాతం ఓట్లతో 43వ బ్లాకు చమురును భూమిలోనే ఉంచమన్నారు. చమురు రాబడి మీద ఆధారపడిన దేశం ఇలా ఓటేయడం మామూలు విషయం కాదు! ఏడాదిలోగా తప్పుకోవాలని రాజ్యాంగ న్యాయస్థానం గడువు కూడా పెట్టింది. ప్రభుత్వమేమో 2024 ఆగస్టులో, 200కు పైగా ఉన్న బావుల్లో మొదటిది మూసి, మిగతా పని 2029 దాకా సాగుతుందన్నది. ప్రజల ఓటును అమలు చేయాలని అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం 2025 మార్చిలో వెల్లడించిన తీర్పులో ఆదేశించింది. బావులు పూడ్చడానికి సమయం పడుతుందనుకుందాం, తోడడం ఆపడానికి అయిదేళ్లెందుకు?