కొల్లేటిని చూపువా రెవరు?

శీతకాలము వచ్చినంతనే కైకలూరు చెంతనున్న ఆటపాక పక్షికేంద్రమునకు పట్టణములనుండి జనము తరలుచుందురు. పాఠశాలలవారు పిల్లలను బస్సులలో గొనిపోవుదురు. అచ్చట పడవలు గలవు. పక్షుల ప్రదర్శనశాల గలదు. నీటిలో నాటిన యినుప స్తంభములపై గూడబాతులు గూళ్లు కట్టుకొని పిల్లలను సాకు దృశ్యము గలదు. ఇంత యేర్పాటు జరిగినందులకు మేము సంతోషించుచున్నాము. కాని చూచుట వేరు, తెలిసికొనుట వేరు. ఆ పక్షి చెట్టును విడిచి యినుముపై కాపుర మేల పెట్టవలసివచ్చినదో పిల్లవానికి చెప్పువాడు పడవలో నుండవలెను గదా? మన రాష్ట్రమున నిట్టి ప్రదేశములకు పోయివచ్చినవారి కెల్ల అనుభవమే: టికెట్టు కొనుట, ఫొటో తీయించుకొనుట, ఫలాహారము చేసి మరలుట.

ఆ గూడబాతు కథ మనకు గౌరవము తెచ్చునది కాదు. కె. కె. నీలకంఠన్ గారు 1946లో కొల్లేటి ప్రాంతమున నీ పక్షుల గూళ్లను గుర్తించి లోకమునకు తెలిపిరి. అప్పు డచ్చట గూళ్లు కట్టిన పక్షులు రమారమి 3000. 1975 ప్రాంతమునకు ఆ కాపురము పూర్తిగా మాసిపోయెను. తరువాత చేపలచెరువుల గట్లు సరస్సు నడుమకే వచ్చినవి. 1999లో ప్రభుత్వము అయిదవ కాంటూరువరకు 308 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో కొల్లేరు రామ్సార్ ఒడంబడిక జాబితా కెక్కెను. 2006లో గట్లను యంత్రములతో కొట్టించిరి. కొట్టించిన గట్లలో కొన్ని మరల లేచినవి.

మరల లేచుటకు లోభ మొక్కటే కారణమని మేము తలపము. శాసనము జనులకు తెలిసినది గాని దాని హేతువు తెలియలేదు. బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి తెచ్చు వరదను కొల్లేరు తన కడుపున నిలుపుకొని, ఉప్పుటేటి ద్వారమున మెల్లగా సముద్రమునకు వదలును. గట్టు వేసినకొలది ఆ కడుపు కుంచించుకొనును. నిలువ చోటులేని నీరు ఎగువ పొలములపై కెక్కును. ఈ సంగతిని బాల్యముననే పడవలో కూర్చుండి కన్నులార చూచిన రైతుబిడ్డ రేపు చెరువునకు సొమ్ము పెట్టుటకుముందు ఒకమా రాలోచించును. మా పాఠకులలో అట్టి చెరువులందు సొమ్ము పెట్టినవారును లేకపోలేదు. వారికి కష్టము తోచినను చెప్పక తప్పదు. ఇక లంకగ్రామముల పేదలమాట. కొల్లేటి విలువనుగూర్చిన మొదటి పాఠము వారిలో ననేకులకు 2006లో యంత్రముల చప్పుడుతోనే వినబడెను. పాఠము చెప్పవలసిన తీరు అది కాదు.

అమెరికావారు ఈ పనిని నూరేండ్లకు ముందే యారంభించిరి. 1920లో కాలిఫోర్నియాయందలి యోసమితీ లోయలో హెరాల్డు బ్రయంటు, లోయీ మిల్లరు అను శాస్త్రజ్ఞులు యాత్రికులను వెంటబెట్టుకొని నడచుచు, కంటబడిన చెట్టును పక్షిని పరిచయము చేయసాగిరి. దానికి రుసుము లేదు. అట్టి మార్గదర్శకులను తయారుచేయుటకై 1925లో నచ్చటనే యొక పాఠశాల వెలసెను. ఇండియానా రాష్ట్రము తన మొదటి రాష్ట్రోద్యానమును 1916లో నెలకొల్పి, 1923నాటికే దానిలో ప్రకృతి పాఠములు చెప్పించెను. వనమును కాపాడుటయు, వనమును జనులకు తెలుపుటయు నొక్క పనిలోని రెండు భాగములని వారు తలంచిరి. మన మింకను కంచె, కావలివాడు, హెచ్చరిక పలక అను మూటితో తృప్తి పడుచున్నాము.

బోధకులకొరకు సముద్రములు దాటనక్కరలేదు. ఏ పక్షి యే నెలలో వచ్చునో, గూడబాతు తన సంచినిండ నీటిని చేపలను ముంచి, నీటిని విడిచి చేపలను మ్రింగు విధమెట్టిదో, లంకలలోని జాలరు లెరుగుదురు. వారి యువకులను ఏరి, జీవశాస్త్రమును కొంత నేర్పి, నెలజీతముపై నియమింపవలెను. దినకూలి నిచ్చి యుత్సవదినములకు మాత్రము పిలుచుట చాలదు. జిల్లా విద్యాధికారులు ప్రతి ఉన్నతపాఠశాలకును ఒక దినము కేటాయించి, నలువదిమందికి మించని జట్టులుగా పిల్లలను పంపవలెను. ఇరువదిమంది యున్న పడవలో చెప్పిన మాట చెవి కెక్కును. బస్సులకు బస్సులు దింపిన గుంపులో నేమి వినబడును? గట్లు కొట్టించిన చోటును, నిలిచియున్న చోటును రెంటిని చూపవలెను. ఇట్లు చూపుటకు కొందరు పెద్దలు ఇచ్చగింపకపోవచ్చును. అయినను పడవ అటువైపునకు పోవలసినదే.

వ్యయమునకై క్రొత్త పన్ను అక్కరలేదు. పెద్దలు పడవ నెక్కునపుడు చెల్లించు రుసుములో కొంతభాగమును ఈ జీతములకే ప్రత్యేకించినచో పని యారంభమగును. అటవీశాఖ, విద్యాశాఖ కలసి ఒక సమావేశము జరిపిన చాలును. వలసపక్షులు కార్తికములోపలనే దిగును. ఆ సమావేశము అంతకుముందే జరుగవలసియున్నది.