ఎకరము నేల కోరని గోల్ఫు

2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్సునందు బెంగళూరు యువతి అదితి అశోక్ ఒక్క దెబ్బ తేడాతో పతకపు పోటీకి దూరమై నాలుగవ స్థానమున నిలిచిన ఉదయమున, గోల్ఫుకర్రనైనను కంటితో చూచి యెరుగని తెలుగువారెందరో దూరదర్శినుల ముందు ఊపిరి బిగబట్టి కూర్చుండిరి. ఆసక్తి మనకు లేక కాదు, లేనిది అవకాశము. 18 గుంతల పూర్తి మైదానమునకు సాధారణముగా 100 ఎకరములకు మించిన నేలయు, పచ్చిక యెండకుండ ఏడాది పొడవున నీరును కావలయును. మన తెలంగాణ రాష్ట్రమున అట్టివి గోలకొండ నయాఖిల్లా చెంతను, గచ్చిబౌలి బండల నడుమను, హైదరాబాదు పరిసరములనే వెలసినవి. సూర్యాపేట నుండి ఖమ్మము పోవు దారిలోని మన మోతెకు అవి సుమారు 150 కిలోమీటర్ల దూరము. సభ్యత్వపు రుసుము దృష్ట్యా చూచిన ఆ దూరము మరింత పెద్దది.

అట్లని మన ప్రాంతమున మైదానము నిర్మింపుడని కోరుట న్యాయము కాదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడిచిన నాటి నుండి మిర్యాలగూడ, కోదాడ సీమలకు వరియే జీవనాధారము; కాలువ చివరి మడికి తడి అందునో లేదోయని రైతు రాత్రులు గట్లపై కాచియుండు చోట, కొందరి వినోదమునకై పచ్చికకు నీరు పారించుట తగని పని. కనుకనే, శరీరచలనమును గ్రహించి ఇంటిలోనే గోల్ఫు నాడించు వీడియో క్రీడలను నేను చిన్నచూపు చూడజాలను. అవి ఒక్క కుంట నేలనైనను అడుగవు.

ఈ విద్య క్రమముగా సత్యమునకు సమీపించుచు వచ్చినది. 2006లో నింటెండో సంస్థ ‘వీ’ యంత్రముతో పాటు గోల్ఫునిచ్చినపుడు, చేతిలోని కడ్డీ ప్రధానముగా త్వరణమునే కొలువగలిగెను. కావున సోఫాపై కూర్చుండి మణికట్టు విదిల్చినను బంతి దూరము పోయెడిది. 2009లో జైరోస్కోపు గల అనుబంధము చేరుటతో చేతి మెలికయు లెక్కకు వచ్చినది. నేటి వీఆర్ తలతొడుగులు కెమెరాల సాయమున చేయి శూన్యమున ఏ స్థానమున, ఏ వాలున నున్నదో అనుక్షణము గుర్తించును; ‘గోల్ఫ్ ప్లస్’ వంటి క్రీడలో కాలిఫోర్నియా సముద్రతీరపు పెబుల్ బీచ్ మైదానము కనులయెదుట నిలుచును. ఇక్కడ కపటము అంత సులువుగా చెల్లదు. చేతి గతి తప్పి కొట్టిన బంతి పక్కకే పోవును. 108 మిల్లీమీటర్ల గుంతలోనికి బంతిని మెల్లగా దొర్లించుటకు ఎంత నిగ్రహము కావలయునో పిల్లవానికి బోధపడును.

ఇది సంపూర్ణమైన గోల్ఫని నేననను. కర్ర బరువు, పాదముల క్రింది నేల వాలు, చెంపకు తాకు గాలి, మైళ్లకొలది నడక యంత్రమున దొరకవు. కోత ముగిసిన పొలములలో కబడ్డీకిని, చిర్రగోనెకును ఇది ప్రత్యామ్నాయము కాకూడదు. వ్రేళ్లు మాత్రమే కదలి దేహము మొద్దుబారు ఆటల మధ్య, మనిషిని నిలువబెట్టి ఒడలు వంచి ఏకాగ్రత నేర్పు ఆటకు మనము స్థానమీయవలెనని మాత్రమే నా వాదము.

మరియొక ప్రయోజనము గలదు. మన తెలుగు కుటుంబములు విస్తారముగా స్థిరపడిన టెక్సాసులోని ఫ్రిస్కో పట్టణమునకు అమెరికా వృత్తి గోల్ఫు శిక్షకుల సంఘము 2022లో తన ప్రధానకార్యాలయమును తరలించినది. అక్కడ పెరుగు మనుమనికి గోల్ఫు పరిచితమైన ఆట. కోదాడలోని తాతకది అపరిచితము. అంతర్జాలము ద్వారా ఇరువురును ఒకే మైదానమున ఒకరి వెనుక ఒకరు బంతి కొట్టగల్గుదురు. వారాంతపు ఫోనులో ‘తిన్నావా తాతా’ అన్న ప్రశ్న తరువాత మాట కరవగు ఆ యిరువురికి ఇంతకంటె మంచి కాలక్షేపమేమున్నది?

అయితే ఈ పరికరము ధనికుల గదులకే పరిమితమైనచో, మైదానమున జరిగిన అన్యాయమే మరల జరుగును. సూర్యాపేట జిల్లా గ్రంథాలయములందును, మోతె వంటి మండలముల ఉన్నత పాఠశాలలందును ఒక గది, ఒక తెర, ఒక యంత్రము ఏర్పరచి, వ్యాయామోపాధ్యాయుని పర్యవేక్షణమున పిల్లలకు వంతులవారీగా అవకాశ మీయవలెను. అందు నైపుణ్యము కనబరచిన వారిని హైదరాబాదు మైదానములకు కొనిపోయి నిజమైన కర్ర చేతికిచ్చు బాధ్యతను క్రీడాశాఖ వహింపవలెను. రైతు నీటి బొట్టును ముట్టకయే రైతుబిడ్డకు ఈ క్రీడాద్వారము తెరువ సాధ్యమగునపుడు, తెరువకుండుటకు కారణము నాకు కానరాదు.